సీఎన్‌జీయా, ఈవీయా? కొంపల్లి నుంచి గచ్చిబౌలి, రోజుకు 60 కి.మీ.

#1 కొంపల్లి_కామన్

అందరికీ నమస్తే. రానుపోను రోజుకు 60 కి.మీ., నెలకు 25 రోజులు. అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో ఒక కారు పార్కింగ్ మాది. ఇంట్లో కరెంటు నెలకు 250 యూనిట్లు కాలుతుంది. ఆన్‌రోడ్ 10 లక్షలు దాటకూడదు. ఏడాదికి రెండు మూడుసార్లు విజయవాడ. సీఎన్‌జీ గ్యాస్ హ్యాచ్‌బ్యాకా, చిన్న ఈవీనా, అంటే కరెంటు కారా? "భవిష్యత్తంతా ఈవీలదే", "బ్యాటరీ పోతే కారు పోయినట్టే" లాంటివి వాట్సాప్‌లో రోజూ వస్తూనే ఉన్నాయి, అవి వద్దు. లెక్క చెప్పండి, రిపేర్లు చెప్పండి.

#2 లెక్కల_పంతులు

నెలకు 1500 కి.మీ.

సీఎన్‌జీ: వ్యాగన్‌ఆర్ బ్రోషర్‌లో కిలో గ్యాస్‌కి 34 కి.మీ. అని ఉంటుంది. బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా ఏసీ వేసుకుని పోయేవాళ్లు 22 వేసుకోండి. 68 కిలోలు. కిలో 96 అనుకుంటే 6,545 రూపాయలు. మీ బంకు బోర్డు మీద వేరే ధర ఉంటే అది వేసుకోండి.

ఈవీ: 24 కిలోవాట్ అవర్ (అంటే 24 యూనిట్ల) బ్యాటరీ ఉన్న చిన్న కారు, ఇంటి మీటర్ లెక్కన యూనిట్‌కి 7 కి.మీ. ఇంటి మీటర్ అని ఎందుకంటున్నానంటే, ఛార్జింగ్‌లో వృథా అయ్యే 10–15 శాతం కారు డిస్‌ప్లేలో కనపడదు, బిల్లులో కనపడుతుంది. అంటే 215 యూనిట్లు. మీరు ఇప్పటికే 250లో ఉన్నారు కాబట్టి కొత్తవన్నీ పై స్లాబుల్లో పడతాయి: మొదటి 50 యూనిట్లు 7.70 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 9 చొప్పున, చివరి 65 యూనిట్లు 9.50 చొప్పున. మొత్తం 1,900 చిల్లర. యూనిట్ 5 రూపాయలని వేసి వీడియోలు చేసేవాళ్లు ఈ మెట్లు ఎక్కకుండానే లెక్క ముగిస్తారు.

నెలకు తేడా 4,640.

ఇప్పుడు కొనే ధర. ఉదాహరణకు సీఎన్‌జీ ఎక్స్‌షోరూమ్ 7.5 లక్షలు, ఈవీ 9.5 లక్షలు అనుకుందాం. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకి లైఫ్ ట్యాక్స్ 14 శాతం, అంటే 1.05 లక్షలు. ఈవీకి 2024 నవంబర్ 18 నుంచి రోడ్డు ట్యాక్సూ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. ఈ మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకు అని జీవోలో ఉంది. వాయిదా వేసేవాళ్లు ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. షోరూమ్‌లో 2 లక్షలు కనపడే తేడా రోడ్డెక్కేసరికి 95 వేలకు దిగుతుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో ఈవీకి 15 శాతం తగ్గింపు కూడా ఉంది, చిన్న మొత్తమే. సెల్లార్ వైరింగ్‌కి 30 వేలు కలపండి. 1.25 లక్షలు ÷ 4,640 = 27 నెలలు, అంటే 40 వేల కి.మీ. దగ్గర సమానం.

రోజుకు 20 కి.మీ. తిరిగేవాళ్లు ఈ 27ని మూడుతో గుణించుకోండి. అప్పుడు సీఎన్‌జీయే కరెక్ట్, వాదన అక్కర్లేదు.

#3 కిట్_మేస్త్రి

పంతులు గారి లెక్కల ఒకటి మిగిలింది: లైన్ల నిలబడే టైము. 60 లీటర్ల సిలిండర్‌ల 9 కిలోలు పడితే గొప్ప. మన ఎండల 8 అనుకోండి. మీకు మూడు రోజులకోసారి బంకు, నెలకు ఎనిమిది సార్లు.

"నిన్న 9 పట్టింది, ఇయ్యాల 7 పట్టింది, బంకోడు మోసం చేస్తుండు" అంటరు. మోసం కాదు, వేడి. బంకుల గ్యాస్ 200 బార్ (ప్రెషర్ కొలత) దగ్గర కటాఫ్ అయితది. ఫాస్ట్‌గ నింపినప్పుడు సిలిండర్ లోపల గ్యాస్ వేడెక్కుతది. 60 డిగ్రీల వేడిల 200 బార్ అంటే 8 కిలోలు కూడ ఉండది. గంట ఆగినంక చల్లబడి ముల్లు 170–175కి దిగుతది. లీక్ అని భయపడి మెకానిక్ దగ్గరికి ఉరుకకుండ్రి. పొద్దుగాల ఆరింటికి నింపిచ్చుకోండి, అదే సిలిండర్‌ల ఇంకో అర కిలో ఎక్కువ పడతది.

ఇంకోటి బంకు రకం. పైప్‌లైన్ వచ్చే బంకుల కంప్రెసర్ అక్కడ్నే ఉంటది, ప్రెషర్ నిలబడతది. పైప్‌లైన్ లేని బంకులకు లారీ మీద సిలిండర్ల గుత్తి (కాస్కేడ్) వస్తది. లారీ కొత్తగ వచ్చినప్పుడు పోతే 200, ఖాళీ అయ్యేటప్పుడు పోతే 150 కూడ రాది. 150 అంటే 7 కిలోలు కూడ పట్టది. మీ తొవ్వల పైప్‌లైన్ బంకు ఏదో ముందుగాల తెలుసుకోండి, కారు రంగు తర్వాత చూద్దురు.

నింపేటప్పుడు అందరు దిగాలె, ఇంజన్ బంద్. ఫిల్లింగ్ మూత సరిగ్గ పడకపోతే చాలా బండ్లు స్టార్ట్ కావు, ఆడ ఒక చిన్న స్విచ్ ఉంటది. లైన్ల వెనకోళ్లు హారన్ కొడుతుంటే గాబరాపడి బ్యాటరీ పోయిందనుకుంటరు. మూత మళ్ల తెరిచి గట్టిగ వెయ్యండి, అంతే.

#4 మెహదీపట్నం_మైలేజ్

పార్కింగ్‌లో ప్లగ్ కోసం ఇంత గొడవెందుకు భాయ్? ఊరంతా ఫాస్ట్ ఛార్జర్లున్నాయి. వారానికి రెండు మూడుసార్లు గంట పెడితే అయిపోతుంది.

#5 లెక్కల_పంతులు

అయిపోతుంది, మిగిలే డబ్బు కూడా దాంతోపాటే అయిపోతుంది. డీసీ ఛార్జర్, అంటే ఆ ఫాస్ట్ ఛార్జర్, యూనిట్ 22 అనుకోండి, పైన 18 శాతం జీఎస్టీ, 26 పడింది. యూనిట్‌కి 7.5 కి.మీ. అనుకున్నా నెలకు 5,190. సీఎన్‌జీతో తేడా 1,350 మాత్రమే. వైరింగ్ ఖర్చు తీసేసినా 95 వేలు రావడానికి 70 నెలలు. మీ కారు రాత్రి ఎక్కడ పడుకుంటుందన్నదే ఇక్కడ ప్రశ్న. అక్కడ ప్లగ్ ఉంటే ఈవీ, లేకపోతే సీఎన్‌జీ. రేంజ్, పికప్, బ్రాండ్ అన్నీ దాని తర్వాతే.

#6 త్రీఫేజ్

ప్లగ్ అంటే మామూలు ప్లగ్ కాదు. మిక్సీ రెండు నిమిషాలు తిరుగుతుంది, గీజర్ పావుగంట. కారు 3.3 కిలోవాట్లతో, అంటే 14 ఆంపియర్లకు పైనే, ఏడెనిమిది గంటలు ఆగకుండా లాగుతుంది. ఇళ్లలో 16 ఆంపియర్ల సాకెట్లు ఆ పనికి చేసినవి కావు. లోపల స్ప్రింగ్ పట్టు వదులైతే ముందు ప్లగ్ పిన్ను గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత ప్లాస్టిక్ కరుగుతుంది. నీలంరంగు ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అస్సలు వద్దు.

వైరు దూరాన్ని బట్టి. మీటర్ ప్యానెల్ నుంచి పార్కింగ్‌కి 50 మీటర్లుంటే, 14 ఆంపియర్ల దగ్గర:
2.5 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి తీగలో 10.6 వోల్టులు పోతాయి.
4లో 6.6.
6లో 4.4.
సాయంత్రం మీ లైన్‌లో వోల్టేజీ 205కి పడిపోతే ఆ పది వోల్టులే ఛార్జర్ ఆగిపోవడానికి కారణమవుతాయి. 6 వేయించండి, మళ్లీ గోడ తవ్వే పని ఉండదు. 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ (గోడకు బిగించే ఛార్జర్) అయితే 32 ఆంపియర్లు. 50 మీటర్లకు 10 స్క్వేర్ ఎమ్ఎమ్, 40 ఆంపియర్ల ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే ఆపే స్విచ్), లోడ్ పెంపు దరఖాస్తు అన్నీ కావాలి. రాత్రంతా నిలబడే కారుకి 3.3 చాలు. 60 కి.మీ. అంటే 9 యూనిట్లు, మూడు గంటల పని.

తప్పకుండా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్), టైప్ ఏ. బజార్లో అడక్కుండా ఇచ్చేది ఎక్కువగా టైప్ ఏసీ. పైన గుర్తు చూసి కొనండి: ఏసీ రకానికి ఒక్క అల మాత్రమే ఉంటుంది, ఏ రకానికి అల కింద విడివిడి సగం అలలు కూడా ఉంటాయి.

ఇక హైదరాబాద్‌లో ఎక్కువమందిని ఏడిపించేది ఎర్తింగ్. కేబుల్ పెట్టగానే ఎర్ర లైటు, ఛార్జింగ్ మొదలవదు, షోరూమ్‌వాళ్లు "మీ ఇంట్లో ప్రాబ్లం సార్" అంటారు. నిజంగానే ఇంట్లోనే. మన నేల రాయి, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతుంది. మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. 2–3 వోల్టుల లోపు ఉండాలి. 15, 20 చూపిస్తే ఎర్త్ లేనట్టే. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 చూపించినంత మాత్రాన ఎర్త్ బాగున్నట్టు కాదు, మీటర్‌కి పిసరంత కరెంటు చాలు. కొత్త కెమికల్ ఎర్త్ వేయించి, టెస్టర్‌తో 5 ఓమ్‌ల లోపు వచ్చిందని కాగితం మీద రాయించుకోండి. ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపి "చూడండి సార్, ఆకుపచ్చ లైటొచ్చింది" అనే ఎలక్ట్రీషియన్‌ని మాత్రం మర్యాదగా పంపించేయండి. దారిలో న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది.

#7 కొంపల్లి_కామన్

త్రీఫేజ్ గారూ, ప్యానెల్ నుంచి మా స్లాట్‌కి 35 మీటర్లు. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు "సెల్లార్‌లో ఎవరి వైర్లూ వద్దు, రేపు నిప్పంటుకుంటే ఎవరు బాధ్యత" అంటున్నారు.

#8 త్రీఫేజ్

ఆయన భయం ఆయనది, కొట్టిపారేయకండి. కామన్ మీటర్ మీద అడిగితే ఎవరైనా ఒప్పుకోరు. మీ ఫ్లాట్ మీటర్ నుంచే లాగండి. ఉన్న కనెక్షన్ మీదే ఓనర్ తన పార్కింగ్‌లో ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబర్ మార్గదర్శకాల్లో ఉంది, ప్రింట్ తీసి జతచేయండి. దరఖాస్తులో నాలుగు విషయాలు రాయండి: కేబుల్ ఆర్మర్డ్ (లోపల ఇనుప తొడుగు ఉన్నది) అని, ఏ గోడ వెంట పోతుందో చిన్న గీత బొమ్మ, ఎమ్‌సీబీ, ఆర్‌సీసీబీ రేటింగ్, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ టెస్ట్ రిపోర్ట్. నోటిమాటగా అడిగితే వద్దంటారు; కాగితం ఇస్తే మీటింగ్‌లో పెట్టక తప్పదు.

#9 బోరబండ_బ్యాటరీ

ఒక ముచ్చట ఎవ్వరు చెప్పలే. గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇండ్లు జాగ్రత్త. 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం మీరే కట్టాలె, దాటిన యూనిట్లకే కాదు. ఇంట్ల 150 కాలుతుంటే కారుకి 50 మిగిలినట్టు, అంటే 350 కి.మీ. స్కూటీ అయితే ఇబ్బంది లేదు. కారు అయితే పోయే సబ్సిడీని కూడ లెక్కల పెట్టుకోండి.

#10 సెకండ్‌హ్యాండ్_సత్తి

మధ్యలో దూరుతున్నా, సారీ. ఉన్న పెట్రోల్ బండికే బయట సీఎన్‌జీ కిట్ వేయించుకుంటే అయిపోదా? 27 నెలల లెక్కే అక్కర్లేదు కదా.

#11 కిట్_మేస్త్రి

వేయించుకోవచ్చు సత్తన్నా. బీఎస్6 (కొత్త పొల్యూషన్ రూల్) పెట్రోల్ బండ్లకు కూడ 2022ల పర్మిషన్ ఇచ్చిండ్రు. కని మీ మోడల్‌కి అప్రూవల్ ఉన్న కిట్టే కావాలె, అది సీక్వెన్షియల్ కిట్ (ఇంజన్ల ఒక్కో సిలిండర్‌కి విడిగ గ్యాస్ కొట్టేది) అయ్యుండాలె. పాత పద్ధతిల ఇంటేక్ పైపుల మిక్సర్ పెట్టేది ఇప్పటి ఇంజన్లకు పనికిరాదు, ఒక్క బ్యాక్‌ఫైర్‌కి ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగులుతది. ఆర్‌సీల ఇంధనం మార్పించాలె. ఇన్సూరెన్సోళ్లకు చెప్పి ఎండార్స్‌మెంట్ తీసుకోవాలె, అంటే పాలసీల రాయించుకోవాలె: కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీకి ఇంకో 60 రూపాయలు. అరవై రూపాయలకు కక్కుర్తిపడితే క్లెయిమే పోతది. ఇంజన్ వారంటీ ఉన్న బండికి బయట కిట్ వద్దు.

మూడేండ్లకోసారి సిలిండర్ హైడ్రో టెస్ట్. ఫిల్లింగ్ మూత కాడ ప్లేట్ మీద తేదీ ఉంటది, అది దాటితే బంకుల నింపరు. సిలిండర్ దించి, నీళ్లతో ప్రెషర్ ఎక్కించి చూస్తరు. దించకుండ కాగితం మాత్రం ఇస్తమనేటోళ్ల దగ్గరికి పోకండి. 200 బార్ అంటే కారు టైరు గాలికి తొంభై రెట్లు, అది మీ పిల్లలు కూసునే సీటు ఎనకాల ఉంటది.

ఇంగ సీఎన్‌జీల మామూలుగ వచ్చే తిప్పలు:

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేర్ల జర్క్ కొడుతది, పెట్రోల్‌ల పెడితే కొట్టది. పదిట్ల ఎనిమిది సార్లు స్పార్క్ ప్లగ్గులు. గ్యాస్ అంటుకోవాలంటే నిప్పురవ్వకి ఎక్కువ వోల్టేజ్ కావాలె. ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగితే పెట్రోల్ సర్దుకుంటది, గ్యాస్ సర్దుకోది. అట్లనే నడిపితే కాయిల్ కూడ పోతది, 800 రూపాయల పని ఐదు వేలయితది.

పికప్ మెల్లమెల్లగ తగ్గి, ఐడిల్ వణుకుతదా? గ్యాస్ ఫిల్టర్ చూడండి. బంకు కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తోటి కొంచెం కొంచెం వస్తది, జిడ్డుగ నల్లగ పేరుకుంటది. ఫిల్టర్ మార్చకపోతే ఆ జిడ్డు ఇంజెక్టర్లకు పోతది.

గ్యాస్ ప్రెషర్ తగ్గించే రెడ్యూసర్ మీద మంచు కనబడితే గ్యాస్ ఎక్కువైందనుకోకండి. 200 బార్ గ్యాస్ ఒక్కసారి కిందికి దిగినప్పుడు గడ్డకట్టే చల్లదనం వస్తది, దాన్ని కూలెంట్ వేడితో ఆపుతరు. మంచు పట్టిందంటే కూలెంట్ తక్కువుందని, ముందుగాల ఇంజన్‌కి ప్రమాదం.

పెట్రోల్ ట్యాంక్ ఎండబెట్టకండి. చాలా బండ్లు పెట్రోల్ మీదనే స్టార్ట్ అయ్యి గ్యాస్‌కి మారుతయి. పావు ట్యాంక్ ఉంచి, వారంల ఒక పది కిలోమీటర్లు పెట్రోల్ మీద తిప్పండి. లేకపోతే పంపు కాలుతది, ఇంజెక్టర్లు జిగురు పడతయి.

వాసనొస్తే: ఇంజన్ బంద్, డోర్లు తెరువు, సిలిండర్ మీద చేతి వాల్వ్ మూసెయ్యి. గ్యాస్ గాలి కన్న తేలిక, ఆరుబయట పైకి పోతది. సెల్లార్‌ల మాత్రం స్లాబ్ కింద నిలుస్తది, లైటు స్విచ్ ముట్టుకోవద్దు. జాయింట్లు సబ్బు నురుగుతోటి చూడాలె, అగ్గిపుల్లతోటి చూసేటోళ్లు ఇంక ఉన్నరు, దేవుడా.

#12 మెహదీపట్నం_మైలేజ్

ఈవీకి ఈ బాధలేవీ లేవుగా. పైగా పొల్యూషన్ సున్నా.

#13 లెక్కల_పంతులు

రోడ్డు మీద పొగ సున్నా, అది నిజం, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర నిలబడేవాడికి అదే ముఖ్యం. కార్బన్ లెక్క వేరు. కిలో సీఎన్‌జీ కాలితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కి.మీ.కి పంచితే కి.మీ.కి 125 గ్రాములు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు, యూనిట్‌కి 7 కి.మీ. అంటే 100 గ్రాములు. తేడా ఉంది, మీరనుకున్నంత లేదు. గ్రిడ్‌లో సోలార్ పెరిగేకొద్దీ అదే ఈవీ మరింత శుభ్రమవుతుంది, సీఎన్‌జీ కారు మాత్రం 125 దగ్గరే ఉంటుంది. సీఎన్‌జీ అంటే చాలావరకు మీథేనే, అది కాలకుండా లీకైతే వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడి, అది ఇందులో కలపలేదు.

#14 త్రీఫేజ్

బాధలు లేవని ఎవరన్నారు? ఈవీలో అన్నిటికంటే ఎక్కువగా ఆగేది చిన్న 12 వోల్ట్ బ్యాటరీ వల్ల. పెద్ద బ్యాటరీ 80 శాతం ఉన్నా ఇది పడుకుంటే రిమోట్‌తో డోర్ తెరుచుకోదు, కాంటాక్టర్లు (పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్‌లు) మూసుకోవు, కారు ఇనుప పెట్టె. పది రోజులు ఊరెళ్తే కారుని ప్లగ్‌లో వదలక్కర్లేదు, వచ్చాక 12 వోల్టులు చూసుకోండి. 11.8 కింద ఉంటే దాదాపు ఖాళీ అయినట్టే, పరీక్ష చేయించండి. పెద్ద బ్యాటరీ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే వారానికో పదిరోజులకో ఒకసారి 100 వరకు నెమ్మదిగా ఛార్జ్ చేయండి. దాని వోల్టేజీ 30 నుంచి 80 శాతం వరకు దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి, చివరిదాకా వెళ్తేనే కారుకి తన లెక్క సరిచూసుకునే వీలు. అలా చేయకపోతే 18 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి 6కి పడుతుంది.

వాన సంగతి. బ్యాటరీ ప్యాక్ ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పరీక్ష. అది కొత్త ప్యాక్‌కి, శుభ్రమైన నీళ్లలో. సెల్లార్‌లో రాత్రంతా మురికినీళ్లలో నిలబడ్డ కారుకి కాదు. వానాకాలం సెల్లార్ మునిగే కాలనీ అయితే సాకెట్ నేలకి 1.5 మీటర్ల ఎత్తున పిల్లర్ మీద పెట్టించండి, ఎమ్‌సీబీ పైన మీటర్ దగ్గర ఉండాలి, నీళ్లలోకి దిగకుండా ఆపగలగాలి. మునిగిన కారుని "చూద్దాం" అని స్టార్ట్ చేయకండి. ఇది సీఎన్‌జీకి కూడా వర్తిస్తుంది. ఇంటేక్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

#15 నార్కట్‌పల్లి_నాన్‌స్టాప్

విజయవాడ సంగతి ఎవరూ రాయలేదు. కొంపల్లి నుంచి ఔటర్ మీదుగా 300 కి.మీ. 24 కిలోవాట్ అవర్ కారు హైవేలో 90–100 మీద యూనిట్‌కి ఆరు కి.మీ. చిల్లరే ఇస్తుంది. నిండుగా బయల్దేరి 15 శాతానికి దిగేసరికి 125 కి.మీ. నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి, కోదాడ దగ్గర ఒకసారి ఆగాలి, ఆగిన ప్రతిసారీ 10 నుంచి 80 శాతానికి దాదాపు గంట. భోజనం, టీ అందులో కలిసిపోతాయి. సంక్రాంతి ముందురోజు మాత్రం వద్దు, ఒక్కో ఛార్జింగ్ గన్ దగ్గర నాలుగు కార్లుంటాయి. సీఎన్‌జీ అయితే 8 కిలోలకి 200 పైన వస్తుంది, మిగతాది పెట్రోల్. ఏడాదికి మూడు ట్రిప్పుల కోసం కారు ఎంచుకోకండి, ఆ మూడుసార్లు బస్సెక్కినా లెక్క మారదు.

#16 మోడరేటర్

మైలేజ్ గారూ, ఫలానా షోరూమ్‌వాళ్ల మీద రాసిన రెండు పోస్టులు తీసేశాను. పేర్లు లేకుండా లోపం ఏంటో రాస్తే ఉంచుతాను.

#17 కొంపల్లి_కామన్

అందరికీ థాంక్స్. మల్టీమీటర్‌తో మీటర్ ప్యానెల్ దగ్గర చూశా: న్యూట్రల్–ఎర్త్ మధ్య 11 వోల్టులు. అసోసియేషన్‌కి కాగితం ఇచ్చా, ఆదివారం మీటింగ్. ఒప్పుకుంటే ఈవీ, ఒప్పుకోకపోతే సీఎన్‌జీ, మేస్త్రి గారు చెప్పిన పైప్‌లైన్ బంకు దారిలోనే ఉంది. త్రీఫేజ్ గారూ, 35 మీటర్లకు 4 స్క్వేర్ ఎమ్ఎమ్ సరిపోతుందా? ఎలక్ట్రీషియన్ అదే అంటున్నాడు.

#18 త్రీఫేజ్

3.3 కిలోవాట్లకు 4లో నాలుగున్నర వోల్టులే పోతాయి, సరిపోతుంది. అయినా 6 వేయండి, రేపు పెద్ద ఛార్జర్ పెట్టాలన్నా 35 మీటర్లకు అదే పనికొస్తుంది. ముందు ఎర్త్ బాగుచేయించండి, 11 వోల్టుల మీద చాలా ఛార్జర్లు మొదలవవు. రెండు చివర్లా లగ్ వేసి క్రింప్ చేయించండి, తీగ మెలితిప్పి స్క్రూ కింద పెట్టనివ్వకండి. మొదటి రాత్రి రెండు గంటలు ఛార్జింగ్ అయ్యాక ఎమ్‌సీబీ మీదా, ప్లగ్ మీదా చేతి వెనకభాగం ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి తీసేయాలనిపిస్తే ఆపి, ఆ జాయింట్ విప్పి మళ్లీ బిగించమనండి.